పుట్టిల్లు లేదేటి?

ఆమధ్య విజయనగరంలో మా పెద్దమ్మగారింట్లో ఓ పాత జర్మన్ టీవీ సినిమా చూశాం. పేరు ‘ఎఫీ బ్రీస్ట్’. తూర్పు జర్మనీ టెలివిజన్ కోసం వోల్ఫ్‌గాంగ్ లూడరర్ తీశాడు. కింద పడే ఇంగ్లీషు మాటలు చదివి నేను తెలుగులో చెబుతుంటే, పెద్దమ్మ వత్తులు చేసుకుంటూ వింటోంది.

పదిహేడేళ్ల ఎఫీని ముప్ఫయ్యెనిమిదేళ్ల దొరకి కట్టబెట్టారు. ఆయన ఒకప్పుడు ఆ పిల్ల తల్లిని ప్రేమించినవాడే! సముద్రం పక్కన చిన్న ఊరు, పెద్ద కొంప, మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు. అక్కడ ఓ మేజరుతో సావాసం కుదిరింది. ఊరు మారారు, అదీ ముగిసిపోయింది. ఆరేళ్ల తర్వాత పాత ఉత్తరాలు మొగుడి కంటపడ్డాయి. ద్వంద్వయుద్ధంలో మేజర్ని కాల్చేశాడు. పెళ్లాన్ని వదిలేశాడు. కూతుర్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. కన్నవాళ్లు డబ్బు పంపారుగానీ ఇంటికి రావద్దన్నారు.

పెద్దమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. “ఏట్రా, ఆ పిల్లకి పుట్టిల్లు లేదేటి?”

ఉంది. జబ్బు ముదిరాక తలుపు తీశారు. అక్కడే కన్నుమూసింది.

ఈ కథ ఫొంటానె నవల. 1895లో పుస్తకంగా వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1892లో, ఇదే విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడారు. 1897లో అచ్చేసినప్పుడు గురజాడ ముందుమాటలో ఓ లెక్క చెప్పారు. మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో తీయించిన జాబితా అది. మూడేళ్లలో 1034 కన్యాశుల్కపు పెళ్లిళ్లు! అందులో ఏడాది వయసు పెళ్లికూతుళ్లు ముగ్గురు.

మన బుచ్చమ్మా అలా అమ్ముడుపోయిన పిల్లే. విధవ అయి పుట్టింట్లోనే ఉంది. గిరీశం కబుర్లు నమ్మింది. చెల్లెలి పెళ్లి తప్పుతుందన్న ఆశ కూడా తోడై, ఓ రాత్రి అతని వెంట వెళ్లిపోయింది. చివరికి మధురవాణి వల్ల గిరీశం గుట్టు బయటపడుతుంది.

గురజాడ ఇక్కడ రెండు పనులు చెయ్యొచ్చు. గిరీశానికిచ్చి పెళ్లి చేసి అక్షింతలు వేయించొచ్చు. లేదా నూతిలో దూకించి మనచేత కన్నీళ్లు పెట్టించొచ్చు. ఆయన రెండూ చెయ్యలేదు. బుచ్చమ్మని పూనా విడోస్ హోముకి పంపించేశారు. ప్రేమ విఫలమైతే ఆడపిల్ల బతుకు అయిపోయినట్టు కాదని, ఇంకేదో మొదలుపెట్టొచ్చని ఆనాడే ఆయనకి తోచింది.

నిజం కూడా గురజాడ పక్షానే ఉంది. ఎఫీ కథకి ఆధారమైన ఎలిజబెత్ అనే ఆవిడ చావలేదు. 1886లో ఆవిడ భర్త ద్వంద్వయుద్ధం చేసి, విడాకులు తీసుకుని, పిల్లల్ని ఉంచేసుకున్నాడు. ఆవిడ రోగులకు సేవ చేస్తూ బతికింది. 1952లో పోయేనాటికి తొంభై ఎనిమిదేళ్లు!

ఇదంతా చెబితే పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

“మరి బుచ్చమ్మ చదువుకుందేట్రా?”

పూనా దాకా పంపి నాటకం ముగించేశారు పెద్దమ్మా. ఆ తర్వాతది మనల్నే చూసుకోమన్నట్టున్నారు.