పెన్ డ్రైవ్ ఖాళీ అవ్వలేదు, విండోస్ చూపించట్లేదంతే

జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని ఇంటికొచ్చి పెన్ డ్రైవ్ పెడితే ఫోల్డర్ల బదులు షార్ట్‌కట్లు కనిపిస్తాయి. "వైరస్ తినేసింది, ఫార్మాట్ కొట్టెయ్" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి కొట్టకండి. ముందు డ్రైవ్ ప్రాపర్టీస్‌లో యూజ్డ్ స్పేస్ చూడండి. అక్కడ జీబీలు కనిపిస్తున్నాయంటే మీ ఫైల్స్ చాలావరకు లోపలే ఉన్నట్టు.

పెన్ డ్రైవ్‌లలో ఎక్కువగా వాడే ఫ్యాట్32లో ప్రతి ఫైల్‌కీ 32 బైట్ల ఎంట్రీ ఉంటుంది. అందులో ఒక్క బైట్ అట్రిబ్యూట్లది. రీడ్ ఓన్లీ, హిడెన్, సిస్టమ్, ఆర్కైవ్... ఒక్కోదానికి ఒక్కో బిట్. షార్ట్‌కట్ వైరస్ సాధారణంగా హిడెన్, సిస్టమ్ బిట్లు ఆన్ చేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కితే వైరస్ రన్ అవుతుంది, మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఇక అనుమానం ఎందుకొస్తుంది?

నాకైతే వైరస్ కంటే విండోస్ మీదే కోపం ఎక్కువ. హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టినా ఇవి కనిపించవు, ఎందుకంటే సిస్టమ్ బిట్ కూడా ఉంది కాబట్టి. ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసేయాలి. తీస్తుంటే ఒక హెచ్చరిక! సరే, కనిపించాయి కదా అని ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీద్దామంటే అది బూడిద రంగులో ఉండి నొక్కనివ్వదు. సి డ్రైవ్‌కి ఈ జాగ్రత్త అవసరమే, కాదనను. పెన్ డ్రైవ్‌లో మాత్రం 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' లాంటివి తప్ప కాపాడాల్సిన సిస్టమ్ ఫైల్స్ ఏముంటాయి? "ఇందులో దాచిన ఫోల్డర్లు ఉన్నాయి, చూపించమంటారా?" అని ఒక్క లైన్ అడిగితే ఎంతమంది ప్రాజెక్ట్ రిపోర్టులు, పెళ్లి ఫొటోలు మిగిలేవో. రెండు బిట్లు మార్చే పనికి 'డేటా రికవరీ' అని డబ్బు తీసుకునే అవకాశం కూడా ఉండేది కాదు.

ఆ బిట్లు మనమే తీసేయొచ్చు. యాంటీవైరస్‌తో కంప్యూటర్, పెన్ డ్రైవ్ రెండూ స్కాన్ చేయండి, లేకపోతే మళ్లీ దాచేస్తుంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులతో ఇలా టైప్ చేయాలి: అట్రిబ్, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మీ డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్ డాట్ స్టార్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డి. డ్రైవ్ అక్షరం సరిచూసుకోండి, పొరపాటున కూడా సి పెట్టొద్దు.

అన్నట్టు, హిడెన్ పెట్టాం కదా అని పర్సనల్ ఫొటోలు పెన్ డ్రైవ్‌లో వదిలేసేవాళ్లూ ఉన్నారు. అదే డ్రైవ్‌ని లైనక్స్ కంప్యూటర్‌కి పెట్టండి, మామూలుగా అన్నీ కనిపిస్తాయి. అక్కడ పేరు ముందు చుక్క ఉంటేనే దాచిన ఫైల్, ఈ బిట్‌ని పట్టించుకోదు.