ఇద్దరమే కదా అనుకోకుండా



"ఇద్దరమే కదా, ఏం వండుకుంటాం లెండి!" పల్లెల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఈ మాట వినబడుతోంది. కొడుకుది హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం. కూతురు అత్తవారింట. మిగిలింది ఆయనా, ఆమే. ఎనిమిది మందికి అన్నం వార్చిన చేతికి ఇద్దరికి వండడం కష్టం కాదు, మనసే రాదు. మధ్యాహ్నం వండిన అన్నమే రాత్రికి కూడా. అందులోకి ఆవకాయ, మజ్జిగ. ఆయనకైతే ఒక గుడ్డు వేయించి పెడుతుంది, తన వంతు వచ్చేసరికి "నాకు ఆకలి లేదు" అంటుంది. ఇలా కొన్ని నెలలు గడిస్తే నీరసం, కాళ్ళు లాగడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం మొదలవుతాయి. వంటింట్లో మిగిల్చిన డబ్బు మందుల షాపులో ఖర్చవుతుంది.

మేమూ ఇద్దరమే ఉంటున్నాం గనుక, తక్కువ ఖర్చుతో రాత్రి వంట రుచిగా ఎలా కుదురుతుందో మాకు అలవాటైన పద్ధతిలో చెబుతాము.

ముందు బియ్యం లెక్క చూద్దాం. ఆహార భద్రత చట్టం క్రింద కార్డున్న కుటుంబానికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తాయి. 2023 జనవరి నుండి వీటిని ఉచితంగానే ఇస్తున్నారు. ఇద్దరికి 10 కిలోలు అంటే రోజుకు 330 గ్రాములు. రాత్రికి 150 గ్రాములు తీసికొంటే ఇద్దరికి చాలు, పొద్దుటికి తగినన్ని మిగులుతాయి. కడుపు నింపడానికి బియ్యం ఉన్నవి గనుక చేతిలో ఉన్న కొద్ది డబ్బు పప్పుకు, ఆకుకూరకు, గుడ్డుకు పెట్టాలి. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు ఉంటే ఒంటికి బలం. అంటే 150 గ్రాముల బియ్యానికి 50 గ్రాముల పప్పు, సుమారు ఒక గుప్పెడు. షుగరు ఉన్నవారు అన్నం ఇంకా తగ్గించి, ఆకుకూర పెంచుకోవాలి.

కందిపప్పును అరగంట ముందు నానబెట్టండి, గ్యాసు కలిసివస్తుంది. చిన్న కుక్కరులో నీళ్ళు పోసి, క్రింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె పెడితే ఒకే మంట మీద రెండూ ఉడుకుతాయి. మూడు కూతలు రాగానే ఆపి, పది నిమిషాలు మూత తీయకండి, ఆ ఆవిరికే మిగతాది మెత్తబడుతుంది. చింతపండు గాని టమాటా గాని పప్పు మెత్తబడిన తరువాతనే వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు బిరుసెక్కి, ఎంతసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. పెరట్లో మునగచెట్టు ఉంటే రెండు గుప్పెళ్ళ ఆకు దూసి, కొద్ది నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి ఈ పప్పులో కలపండి. వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే ఇంకొక కూర అడగరు.

ఇద్దరి ఇంట్లో పెద్ద చిక్కు కూరగాయతోనే. సంతలో ఆనపకాయ (తెలంగాణలోను, రాయలసీమలోను సొరకాయ అంటారు) చవకే గాని, ఒకటి కొంటే కిలో పైన తూగుతుంది. మూడు రోజులు అదే తింటే ఎవరికైనా విసుగు పుడుతుంది. మేము పొరుగింటివారితో ఒప్పందం చేసికొన్నాం. ఈ వారం కాయ మేము కొని సగం వారికిస్తాం, వచ్చే వారం వారు కొంటారు. వారూ ఇద్దరే. ఫ్రిజ్ లేని ఇంటికి ఇంతకంటె మంచి ఉపాయం మాకు తోచలేదు.

గోరు గుచ్చితే దిగే లేతకాయ తీసికోండి. కోసిన వెంటనే చిన్న ముక్క నోట పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారవేయండి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు. డబ్బు పోయిందని చూడకండి.

ఆ సగం కాయతో మొదటి రాత్రి పాలు పోసిన కూర. ముక్కలను రెండు పచ్చిమిర్చితో, కొద్ది నీళ్ళతో ఉడికించి, మినపప్పు, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపు పెట్టండి. టీగ్లాసులో సగం పాలలో చెంచాడు బియ్యప్పిండి కలిపి చివరలో పోయండి. ఇక మంట పెంచరాదు, పాలు విరిగిపోతాయి. చెక్కు పారవేయవద్దు. చెంచాడు నూనెలో మినపప్పు, నాలుగు ఎండుమిర్చి, ఆ చెక్కు వేయించి, కాస్త చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరితే మర్నాటికి పచ్చడి. మిగిలిన ముక్కలుంటే మర్నాడు పుల్లమజ్జిగలో చెంచాడు శనగపిండి, పసుపు, అల్లం కలిపి మజ్జిగపులుసు.

కోస్తా వైపు వారికి ఎండు రొయ్యలు దొరుకుతాయి. ఒక గుప్పెడు చాలు, పావుకిలో వంకాయల కూర మొత్తానికి వాసన పడుతుంది. తలలు, తోకలు తీసి, పొడి బాణలిలో వేయించి, ఇసుక పోయేదాకా గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు కడగండి. ఉప్పు మాత్రం చివరలో రుచి చూసిగాని వేయకండి, రొయ్యల్లో ఇప్పటికే ఉంటుంది. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను ఉప్పు మించరాదని డాక్టర్లు చెబుతారు. రక్తపోటు ఉన్నవారి ఇంట ఈ కూర వండిన రాత్రి ఆవకాయ జాడీ తీయకపోవడం మంచిది.

కోడి మాంసం పావుకిలో అడగడానికి కొందరు మొగమాటపడతారు. దుకాణాదారుడు ఏమనుకుంటాడోనని అరకిలో తెచ్చి, రెండు పూటలు వేడిచేసి తింటారు. అతని సంగతి ఎందుకు, పావుకిలోయే అడగండి. అది మెత్తగా ఉడికిన తరువాత ఒక కట్ట గోంగూర వేసి ఐదు నిమిషాలు మగ్గనిస్తే ఇద్దరికి నిండుగా వస్తుంది.

మిగిలిన అన్నం గూర్చి ఒక జాగ్రత్త. మధ్యాహ్నం అన్నం ఎండాకాలంలో రాత్రిదాకా గిన్నెలో ఉంచితే పాడవుతుంది. జిగురు తగిలినా, వాసన మారినా పశువుల కుడితిలో కూడా వేయకండి. నిమ్మకాయ పిండి పులిహోర చేసినంత మాత్రాన చెడిన అన్నం బాగుపడదు. రాత్రి వేడిగా వండినది మిగిలితే, చల్లారగానే నీళ్ళు పోసి చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టండి, పొద్దున ఉల్లిపాయతో చద్దన్నం.

ఈ పత్రిక చదివే అన్నయ్యలకు ఒక మాట. మీ కంచంలోకి గుడ్డు వచ్చినప్పుడు ఆమె కంచంలో ఏముందో చూడండి. ముందు మీరు తిని లేచిపోతే ఆమె ఏమి తిన్నదో మీకు తెలియదు. ఇద్దరూ ఒకేసారి కూర్చుంటే "ఆకలి లేదు" అన్న మాట అంత సులువుగా రాదు.

గుడ్లకు వేరే గిన్నె, వేరే మంట అక్కరలేని పులుసు ఒకటి ఉంది. ఒక పెద్ద ఉల్లిపాయ ముక్కలు వేయించి, పసుపు, చెంచాడు కారం, ఉప్పు వేసి, ఉసిరికాయంత చింతపండు పులుసు పోసి, బెల్లం పలుకు వేసి మరగనివ్వండి. తెర్లుతున్నప్పుడు మంట తగ్గించి, రెండు గుడ్లు ఎడంగా పగులగొట్టి వేయండి. ఐదు నిమిషాలు గరిటె పెట్టకండి, కదిపితే చెదిరిపోతాయి. గట్టిపడిన తరువాత ఆయనకొకటి, మీకొకటి.