మధుమేహము – కంటిలోని సన్నకాలువలు

"చూపు తగ్గినప్పుడు గదా కంటివైద్యుని జూడవలసినది, ఇప్పుడేమి తొందర?" యని మన సభ్యులలో మధుమేహముగలవారు తరచుగా ననుచుందురు. చెరువుకట్టకు గండిపడిన పిదప మన్ను మోయువానిని జూచి మనమే నవ్వుదుము. కంటి విషయమున మాత్రము మనమందరము ఆ పనియే చేయుచున్నాము.

కంటి లోపల వెనుకభాగమున రెటీనా యను పలుచని పొర గలదు. మనము చూచు ప్రతి రూపము దానిమీదనే పడును. ఆ పొరకు రక్తమందించు నాళములు వెంట్రుకకంటె సన్ననివి. నెత్తుటిలో చక్కెర ఏండ్లతరబడి హెచ్చుగానున్నచో, ఆ నాళముల గోడలకు బలమిచ్చు కణములు నశించును. గట్టు వదులైన పంటకాలువవలె గోడ అక్కడక్కడ ఉబ్బి, నీరును క్రొవ్వును ఊరును. ఆ యూట చూపునకు నడిమిచోట చేరినచో అక్షరములు వంకరగా కనబడును. మరికొన్ని నాళములు పూడిపోవును. అప్పుడు రక్తమందని భాగము, కడపటి మడికి నీరందని రైతువలె, మొరపెట్టి క్రొత్త నాళములను మొలిపించుకొనును. ఇది మేలే యని తోచవచ్చును. కాని యవి గట్టులేని కాలువలు; చిట్లి కంటినిండ నెత్తురు నింపును, తుదకు పొరనే లాగి యూడదీయును. ఇంత జరుగుచున్నను నొప్పి యుండదు. చాలకాలము చూపును తగ్గదు. మోసమంతయు నిందే యున్నది.

చక్కెరను గట్టిగా అదుపులో నుంచినచో, ఇన్సులినుపై ఆధారపడు రోగులలో ఈ జబ్బు క్రొత్తగా వచ్చుట నూటికి 76 వంతులు తగ్గెనని 1993లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. పెద్దవయసున వచ్చు మధుమేహములో రక్తపుపోటును తగ్గించుటయు కంటికి మేలని 1998లో ఇంగ్లండున తేలినది. మనది చెరకు పండించి బెల్లము వండు సీమ. పంచదారయే చెడుపు, బెల్లము నిర్దోషమను మాట గానుగలకడ వినబడుచుండును. అది వట్టి భ్రమ. నెత్తుటిలో రెండును చక్కెరనే పెంచును.

లేజరు కిరణములతోను, కంటిలో వేయు సూదిమందుతోను జబ్బును చాలవరకు నిలుపవచ్చును. పోయిన చూపంతయు తిరిగివచ్చునని మాత్రము చెప్పజాలము. కావున మధుమేహము బయటపడిన నాటనుండియే, చూపు బాగున్నను, ఏటేట కంటి వెనుకపొరను పరీక్ష చేయించుకొనవలెను.

బంగారుపాళ్యమునకు చిత్తూరు దగ్గరయే. తిరుపతి, వేలూరు నగరములలో పెద్ద కంటియాసుపత్రులు గలవు. అడ్డము దూరము కాదు. కనుపాప విచ్చుటకు మందుచుక్కలు వేసిన పిదప కొన్ని గంటలు చూపు మసకగా నుండును, బండి నడపరాదు, తోడొకరు కావలెను. ఇద్దరికిని ఒక దినపు పని పోవును. అందుచేతనే నాట్లని, కోతలని పరీక్ష వాయిదాపడుచున్నది. ఇంటి స్త్రీల సంగతి మరింత అధ్వాన్నము. వారి వంతు ఎన్నడును రాదు.

తోతాపురి కోతలు ముగిసిన పిమ్మట, ఏటేట నొకదినమున సంఘమే వాహనమును కుదిర్చి, మధుమేహముగల సభ్యులను, వారి యిండ్లలోని స్త్రీలను గూడ, కొనిపోవలెనని నా సూచన. ఇది సంఘపు పని కాదని కొందరనవచ్చును. పంటకు అప్పిచ్చు సంఘమునకు, పంటను జూచుకొను కన్నులతో పనిలేదా? రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమువారిని కోరుచున్నాను.