మన అడుగులన్నీ కలిపి చూస్తే

పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ మెక్సికో సరిహద్దులో కాంపో అనే పల్లె దగ్గర మొదలై, కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు దాటి కెనడాలో ముగుస్తుంది. పొడవు దాదాపు 4,265 కిలోమీటర్లు. ఆ పేరు వినగానే సియెర్రా మంచుకొండలూ నీలి సరస్సులూ కళ్ల ముందు మెదులుతాయి. కానీ దక్షిణం నుంచి బయలుదేరినవాళ్లు వాటిని చూడాలంటే ముందు 1,100 కిలోమీటర్లకు పైగా ఎండలో, ఎడారిలో, చాపరల్ పొదల నడుమ నడవాలి. చాలామందికి అది ఎలాగోలా గట్టెక్కాల్సిన గండం. అక్కడ ఏముంది, ముళ్లూ రాళ్లే కదా అంటారు. ఆ మాట ఇక మీదట అనవద్దనీ, ఎవరైనా అంటే ఊరుకోవద్దనీ అడుగుతున్నాను. ఒక చోట ఏమీ లేదని మనసులో ఖాయం చేసుకున్నాక అక్కడ ఏం చేసినా తప్పనిపించదు.

అక్కడ ఏముందో చూడండి. చాపరల్ కొండలకు వాన చలికాలంలోనే. వేసవి మొదలైతే నెలల తరబడి చుక్క పడదు. ఆ కరువును దాటడానికి ఒక్కో మొక్క ఒక్కో దారి వెతుక్కుంది. చమీస్ తన ఆకుల్ని సూదుల్లా చేసుకుంది. ఎర్రటి నున్నని బెరడు ఉండే మంజనీటా, మిట్టమధ్యాహ్నపు ఎండ తన మీద పరుచుకోకుండా ఆకుల్ని నిలువుగా పట్టుకుంటుంది. కొండ యక్కా కొన్నేళ్లపాటు కత్తుల గుత్తిలా నేలనంటి ఉండి, ఒకే ఒక్క వసంతంలో మనిషికి రెండింతల పూలకొమ్మను పైకి లేపి, విత్తనాలు రాల్చి చనిపోతుంది. దానికి పరాగసంపర్కం చేసేది ఒక చిన్న చిమ్మెట. అది పుప్పొడిని ఉండగా చుట్టి మోసుకొచ్చి పువ్వుకు అద్ది, అందులోనే గుడ్లు పెడుతుంది. ఆ మొక్క లేకపోతే ఆ పురుగు లేదు, ఆ పురుగు లేకపోతే ఆ మొక్కకు విత్తనం లేదు.

ఇంకాస్త దిగి మొహావీ ఎడారిలోకి వస్తే క్రియోసోట్ పొదలు. నాలుగు చినుకులు పడితే చాలు, వాటి వాసన ఎడారంతా కమ్ముకుంటుంది. జాన్సన్ వ్యాలీలో ఒక క్రియోసోట్ ఉంది. నడిమి కాడలు చచ్చిపోతూ అంచు కాడలు బయటికి జరుగుతూ అది ఒక వలయంగా పెరిగింది. వయసు 11,700 ఏళ్లని శాస్త్రజ్ఞుల అంచనా. హరప్పాలో జనం ఇళ్లు కట్టుకునే నాటికే అది ఆరేడు వేల ఏళ్ల ముసలిది. తెలియనివాళ్లకు మాత్రం ఎండిపోయిన నాలుగు పొదల్లా కనిపిస్తుంది. ఎవరైనా దాని మీదుగా బండి తోలినా నేరమనిపించనంత మామూలుగా ఉంటుంది.

ఆ నేలకు సొంత మనుషులున్నారు. ఇప్పుడు మనం ట్రైల్ అంటున్న చోట కుమియాయ్, కవీయా, సెరానో వంటి జాతులు వేల ఏళ్లుగా బతుకుతున్నాయి. కవీయా పెద్దావిడ కేథరిన్ సీవా సోబెల్, లొవెల్ బీన్ అనే మానవశాస్త్రజ్ఞుడితో కలిసి తమ జాతికి తెలిసిన మొక్కల గురించి రాసిన ‘తెమల్‌పాఖ్’ 1972లో వచ్చింది. ఏది తిండి, ఏది మందు, ఏది ఎప్పుడు కోయాలి అనేది తరతరాలుగా వాళ్లు దాచుకున్న జ్ఞానం. మనం బీడు అనుకున్న చోట వాళ్లకు వంటిల్లుంది, వైద్యశాల ఉంది.

ఇప్పుడు మన సంగతి. ఇర్వైన్, శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శని, ఆదివారాలు పిల్లల్ని తీసుకుని కొండలెక్కడం మంచి అలవాటు. అది మానమని నేను ఛస్తే చెప్పను. కానీ నడిచే ప్రతివాడూ మనసులో ఒక మాట అనుకుంటాడు: నేనొక్కణ్ణే కదా. ఒక్క ఫొటో కోసం దారి దిగితే ఏమవుతుంది, ఒక్క కొమ్మ విరిస్తే ఏమవుతుంది అని. ఆ ఒక్కడు నిజం కాదు. ఆ దారిన పోయేవాళ్లంతా అదే మాట అనుకుంటున్నారు. వసంతంలో మెక్సికో సరిహద్దు దగ్గర దూరప్రయాణపు హైకర్లను రోజుకు 50 మందికి మించి అనుమతించకుండా ఆపుతున్నది ఇందుకే. అడుగులు కలిస్తే ఎంత బరువవుతాయో ఆ అంకెకు తెలుసు. వారాంతపు నడకలకు అలాంటి హద్దు చాలా చోట్ల లేదు. కాబట్టి ఆ హద్దు మనలోనే ఉండాలి.

2019 మార్చిలో లేక్ ఎల్సినోర్ ఊరి పక్కన వాకర్ కాన్యన్‌లో నారింజ రంగు పాపీలు విరగబూశాయి. వేలాది మంది వచ్చిపడ్డారు. దారి వదిలి పూలలో కూర్చున్నారు, పడుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. పూలు నలిగిపోయిన చోట కొత్త కాలిబాటలు పడ్డాయి. 2023లో మళ్లీ పూత వచ్చేసరికి ఆ ఊరివాళ్లు కాన్యన్‌ను పూర్తిగా మూసేశారు. ఆ పూలను ప్రేమించని వాడు అక్కడికి రాలేదు. ప్రేమ ఉంటే సరిపోదని అంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? ఎడారి మట్టి సంగతి ఇంకా సున్నితం. పైన నల్లగా గరుకుగా కనిపించే పొరలో సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు అల్లుకుని మట్టిని గాలికి ఎగరకుండా పట్టి ఉంచుతాయి. ఒక్క బూటు కింద అది పొడి అవుతుంది. మళ్లీ కూడుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

వైట్ సేజ్ గురించి చెప్పాలి. ఈ మొక్క దక్షిణ కాలిఫోర్నియాలో, దాన్ని ఆనుకుని ఉన్న మెక్సికో కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. స్థానిక జాతులకు అది పవిత్రం. ఇప్పుడది ఇంట్లో ధూపం వేసుకునే కట్టలుగా దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్ముడవుతోంది. ఎటివాండా వంటి రక్షిత కొండల్లోంచి దొంగలు బస్తాలకొద్దీ కోసుకుపోతున్నారు. సాంబ్రాణి వేసుకునే ఇంటివాళ్లం మనం, పొగతో ఇల్లు శుద్ధి చేసుకోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లం. మరొకరి దేవుడి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన ఆకుతో ఏ ఇల్లు శుద్ధి అవుతుంది? ఎక్కడ సాగు చేశారో అమ్మేవాడు చెప్పలేని కట్టను కొనకండి.

అన్నిటికన్నా పెద్దది నిప్పు. చాపరల్‌కు మంట అవసరమే, కాలితేనే కదా చిగురించేది అనే మాట తరచూ వింటాం. అందులో సగమే నిజం. చమీస్ మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, సరే. సియనోథస్ అనే మరో పొదలో, మంజనీటాలో కొన్ని జాతులు మాత్రం కాలితే చనిపోతాయి. నేలలో దాగిన విత్తనాలే వాటికి దిక్కు. వేడి తగిలి, పొగ సోకి ఆ విత్తనాలు మొలుస్తాయి. ఆ మొలకలు పెరిగి తిరిగి నేలను విత్తనాలతో నింపడానికి ఏళ్లు కావాలి. ఈలోగా, పదేళ్లకో పన్నెండేళ్లకో మరో మంట వస్తే ఆ వంశం అక్కడితో సరి. ఆ ఖాళీలోకి ఐరోపా నుంచి, మధ్యధరా తీరాల నుంచి వచ్చిన బ్రోమ్ గడ్డి, అడవి ఆవాలు చొరబడతాయి. గడ్డి వేసవి రాకముందే ఎండిపోతుంది, ఇట్టే అంటుకుంటుంది. అలా మంట గడ్డిని తెస్తుంది, గడ్డి మళ్లీ మంటను తెస్తుంది. మొహావీలో అయితే మొక్కకూ మొక్కకూ మధ్య ఉండే వట్టి నేలే మంటకు అడ్డు. గడ్డి ఆ సందుల్ని నింపేస్తే, నిప్పు అలవాటులేని జాషువా చెట్లు నిలువునా కాలిపోతాయి.

ఈ గడ్డి విత్తనాలు ఎలా ప్రయాణిస్తాయి? మన సాక్స్‌కు, బూట్ల లేసులకు గుచ్చుకుని. గుచ్చుకుంటున్నాయని మధ్యాహ్నం నీడలో కూర్చుని పీకి అక్కడే పారేస్తాం. గడ్డిలేని కొండకు మనమే విత్తనాలు చల్లి వచ్చినట్టు.

2003 అక్టోబర్‌లో శాన్ డియాగో కొండల్లో దారితప్పిన ఒక వేటగాడు తనను వెతికేవాళ్లకు కనిపించాలని చిన్న మంట వేశాడు. అదే సీడర్ ఫైర్. 2,73,000 ఎకరాలు కాలింది, 15 మంది చనిపోయారు. 2020 సెప్టెంబర్‌లో యుకైపా దగ్గర ఒక పార్కులో, పుట్టబోయేది ఆడో మగో చెప్పే వేడుకకు రంగుపొగ బాణసంచా కాల్చారు. 22,000 ఎకరాలకు పైగా కాలింది. మంటలార్పడానికి వెళ్లిన ఒక ఉద్యోగి తిరిగి రాలేదు. అడవిని తగలబెట్టాలని ఎవరూ బయలుదేరలేదు. దక్షిణ కాలిఫోర్నియా మంటల్లో పిడుగులకు పుట్టేవి బహు తక్కువ, దాదాపు అన్నింటి వెనుకా మనుషులో, మనుషుల కరెంటు తీగలో, యంత్రాలో ఉంటాయి. కాబట్టి ఎండిన కొండ మీద పుట్టినరోజు కొవ్వొత్తి కూడా వద్దు. మంటల ముప్పును చెప్పే ఎర్రజెండా హెచ్చరిక ఉన్నరోజు పొయ్యి వెలిగించకుండా చల్లని భోజనమే చేద్దాం. గాలి మరీ ఎక్కువైతే ఇంట్లోనే ఉందాం.

మన సంఘాల్లో హైకింగ్ ఏర్పాటు చేసే పెద్దలకు ఒక విన్నపం. ఎన్ని మైళ్లు, పార్కింగ్ ఎక్కడ, పులిహోర ఎవరు తెస్తున్నారు అని రాసే సందేశంలోనే ఇంకొన్ని మాటలు చేర్చండి. గుంపు ఇరవై దాటితే రెండు రోజులుగా విడదీయండి. కారెక్కే ముందు, దిగాక, బూట్లు దులుపుకోవడానికి ఒక బ్రష్ తెమ్మనండి. సాక్స్ నుంచి తీసిన గింజల్ని సంచిలో వేసి ఇంటి చెత్తబుట్టకు చేర్చమనండి. వాడిన టిష్యూ కాగితం కూడా వెనక్కే రావాలి, ఎడారిలో అది ఏళ్ల తరబడి కుళ్లదు. తాబేలు కనిపిస్తే పిల్లల్ని దూరంగానే నిలబెట్టండి. పైకెత్తితే అది బెదిరి, కరువుకని ఒంట్లో దాచుకున్న నీటిని వదిలేస్తుంది, ఆ వేసవి దాటలేకపోవచ్చు. ప్రతి నడకలోనూ ఒక్క స్థానిక మొక్క పేరు పిల్లల చేత పలికించండి. ఈ వసంతానికి చమీస్‌తో మొదలుపెట్టవచ్చు, ఆ కొండల్లో అది కనిపించని మలుపు ఉండదు.