పేరు ఒకటి, వేరు మరొకటి

కొరియా సంప్రదాయ వైద్యంలో జిన్సెంగ్‌కు ఉన్నంత ఖ్యాతి లేకపోయినా శతాబ్దాలుగా వాడుకలో ఉన్న మూలిక ఒగాపి. అదొక ముళ్ల పొద బెరడు. దాన్ని కషాయం కాస్తారు, ఒగాపిజు అనే మద్యంలో నానబెడతారు. ఆ పొద లేత చిగుళ్లను కూర వండుకుంటారు. ఆ ప్రజాతిలోనే ముళ్లు మరీ దట్టంగా ఉండే జాతి ఒకటుంది. కొరియన్లు దాన్ని గాసి ఒగల్పి (ముళ్ల ఒగాపి) అంటారు, వృక్షశాస్త్రవేత్తలు ఎలూథెరోకాకస్ సెంటికోసస్ అంటారు. ప్రపంచ మార్కెట్‌కు మాత్రం అది చాలాకాలం ‘సైబీరియన్ జిన్సెంగ్’గానే తెలుసు. అలసట పోగొడుతుంది, ఒత్తిడిని తట్టుకునే శక్తినిస్తుంది అనే హామీలతో గుళికలుగా, ద్రావణాలుగా అమ్ముడుపోయింది. ఈ ఒక్క పొద చరిత్రను జాగ్రత్తగా చదివితే మూలికా వైద్యం మీద సాగే వాదోపవాదాల్లో తరచూ మరుగున పడే ఒక విషయం బయటపడుతుంది. మందు పనిచేస్తుందా లేదా అన్నది రెండో ప్రశ్న. సీసాలో ఉన్నది ఏ జాతి మొక్క, అందులో ఏ భాగం, ఆ భాగంలో ఏ రసాయనాలు ఉన్నాయి అన్నదే మొదటి ప్రశ్న. అది తేలకుండా అనుకూలంగా చెప్పినా, ప్రతికూలంగా చెప్పినా ఆ మాటకు విలువ లేదు.

ముందు మొక్క సంగతి చూద్దాం. జిన్సెంగ్, ఒగాపి రెండూ అరేలియేసి కుటుంబానివే. చుట్టరికం అంతవరకే. జిన్సెంగ్ పనాక్స్ ప్రజాతికి చెందిన చిన్న మొక్క. చెట్ల నీడన పెరుగుతుంది, ఏటా ఆకులు, కాండం రాలిపోయి నేలలోని కండగల వేరు నుంచి మళ్లీ మొలుస్తుంది. ముళ్ల ఒగాపి కర్ర కట్టే పొద. సాధారణంగా రెండు మూడు మీటర్లు, అనువైన చోట అంతకన్నా ఎత్తు పెరుగుతుంది. కొమ్మల నిండా కిందికి వంగిన సన్నని ముళ్లుంటాయి. విప్పిన అరచేతిలా అమరిన ఆకులో మామూలుగా ఐదు పత్రకాలుంటాయి. పూలు గొడుగు ఆకారపు గుత్తులుగా పూస్తాయి, పండ్లు నల్లగా పండుతాయి. కొరియా పర్వత ప్రాంతాలు, ఈశాన్య చైనా, రష్యా తూర్పు కొస, జపాన్‌లోని హొక్కైడో దీని సహజ ఆవాసాలు. కొరియాలో మామూలు ఒగాపిగా చెలామణి అయ్యేది దీని సోదర జాతి సెసిలిఫ్లోరస్. దానికి ముళ్లు తక్కువ, పూలకు కాడలు దాదాపు ఉండవు కనుక గుత్తి బంతిలా ముద్దగా కనిపిస్తుంది. ముళ్ల ఒగాపి పూలకు కాడలు పొడుగు, అండాశయంలో ఐదు గదులు. సెసిలిఫ్లోరస్‌లో రెండే. కొండ మీద పువ్వుతో, పండుతో ఉన్న మొక్కను చూసినవారికి ఈ తేడాలు ఇట్టే తెలుస్తాయి. బెరడు ఒలిచి, ఎండబెట్టి, పొడి కొట్టాక ఇందులో ఒక్క ఆనవాలూ మిగలదు. మూలికల వ్యాపారంలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

రసాయన శాస్త్రం ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. జిన్సెంగ్‌కు గుర్తింపునిచ్చేవి జిన్సెనోసైడ్లు. ఇవి ట్రైటెర్పీన్ సపోనిన్లు, అంటే ఒకే రసాయన వంశానికి చెందినవి. ముళ్ల ఒగాపి వేరులో అవి లేవు. దాని వేరు నుంచి 1960లలో వ్లాదివొస్తోక్‌లోని సోవియట్ రసాయనవేత్తలు వేరుచేసిన పదార్థాలకు ఎలూథెరోసైడ్లని పేరు పెట్టి ఎ, బి, సి అంటూ అక్షరాలు తగిలించారు. ఆ వరుస చూసినవారు ఇవి కూడా ఒకే వంశానివని అనుకుంటారు. నిజం వేరు. ఎలూథెరోసైడ్ ఎ చాలా మొక్కల్లో దొరికే మామూలు స్టెరాల్ గ్లూకోసైడ్. బి అంటే సిరింజిన్ అనే ఫినైల్‌ప్రొపనాయిడ్. బి1 కూమరిన్ వర్గానికి చెందింది. సి ఒక చక్కెర నుంచి ఏర్పడిన చిన్న అణువు. డి, ఇ అనేవి సిరింగారెసినాల్ అనే లిగ్నాన్‌కు రెండు గ్లూకోజ్ అణువులు చేరగా ఏర్పడ్డవి. సపోనిన్లు ఈ మొక్కలో లేకపోలేదు, అయితే అవి ఎక్కువగా ఆకుల్లో ఉంటాయి, వాటి నిర్మాణం కూడా జిన్సెనోసైడ్లది కాదు. కాబట్టి జిన్సెంగ్ మీద జరిగిన పరిశోధనను ఈ పొదకు ఆపాదించడానికి రసాయనపరంగా ఏ ఆధారమూ లేదు. పక్కింటివాడి డిగ్రీ చూపించి ఉద్యోగం అడగడం లాంటిదే అది.

జిన్సెంగ్‌తో పోలిక సరే, సోదర జాతుల మధ్యనే రసాయనాలు మారిపోతున్నాయి. జేజు ద్వీపానికే పరిమితమైన కొరియానమ్ జాతి వేరు బెరడు నుంచి కొరియా పరిశోధకులు అకాంథోయిక్ ఆమ్లం అనే డైటెర్పీన్‌ను వేరుచేశారు. దానికి వాపును తగ్గించే గుణం ఉందని ప్రయోగశాల పరీక్షల్లో గమనించారు. జిరి పర్వతం పేరుతో ప్రసిద్ధమైన మరో ఒగాపి ఆకుల్లో చీసానోసైడ్ దొరికింది. ఇది లూపేన్ రకం ట్రైటెర్పీన్ గ్లైకోసైడ్, సెసిలిఫ్లోరస్ ఆకుల్లో కూడా ఉంది. అంటే జాతి మారితే సరుకు మారుతుంది. ఒకే జాతిలో వేరుకు బదులు ఆకు వాడినా మారుతుంది. కొరియా ఫార్మకోపియా (అధికారిక ఔషధ ప్రమాణ గ్రంథం) ఒగాపిని, ముళ్ల ఒగాపిని వేర్వేరు మూలికలుగా చూడటానికి, చైనా ఫార్మకోపియా వూజియాపి అనే తన మూలికకు ఇంకో సోదర జాతిని నిర్దేశించడానికి ఈ తేడాలే సమర్థన. అయినా మార్కెట్‌లో ఇవన్నీ ఒకే పేరు కింద కలిసిపోతూనే ఉన్నాయి.

వేల ఏళ్ల అనుభవమే రుజువు, మళ్లీ ప్రయోగశాల సర్టిఫికెట్ ఎందుకు అని సంప్రదాయవాదులు అడుగుతారు. ఆ అనుభవాన్ని తీసిపారేయాల్సిన పనిలేదు. 1613లో అచ్చయిన కొరియా వైద్యుడు హో జున్ గ్రంథం ‘దోంగుయి బోగమ్’లో ఒగాపి ఉంది. స్నాయువులు, ఎముకల బలహీనత, నడుము నొప్పి, కాళ్ల బలహీనత వంటి బాధలకు దాన్ని చెప్పారు, ఒంటికి సత్తువనిస్తుందనీ మెచ్చుకున్నారు. అయితే ఈనాడు గుళికల సీసాల మీద కనిపించే హామీ అక్కడి నుంచి నేరుగా వచ్చింది కాదు. జీవికి రకరకాల ఒత్తిళ్లను తట్టుకునే శక్తినిచ్చే పదార్థాలకు ‘అడాప్టోజెన్’ అనే పేరును 1947లో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ లజారెవ్ ప్రతిపాదించారు. వ్లాదివొస్తోక్‌లో ఇజ్రాయెల్ బ్రెఖ్‌మాన్ ఆ భావనను మొక్కలకు వర్తింపజేశారు. జిన్సెంగ్ అరుదు, ఖరీదు. ముళ్ల ఒగాపి రష్యా తూర్పు కొసలోని ఉసూరి అడవుల్లో కావలసినంత. అలా 1960ల నాటికి దాని ద్రవసారం సోవియట్ ఔషధాల జాబితాకెక్కింది. బ్రెఖ్‌మాన్, దార్దిమోవ్ 1969లో రాసిన సమీక్షతో ఆ వాదన పాశ్చాత్య దేశాలకు చేరింది. క్రీడాకారులు, వ్యోమగాముల కథలు తోడయ్యాయి. కాబట్టి అలసటకు మందు అనే నేటి వాదనకు శతాబ్దాల సాక్ష్యం కన్నా సోవియట్ ప్రయోగశాల సాక్ష్యమే ప్రధానం. ఒక జాతి, ఒక వ్యాధి విషయంలో సంప్రదాయం చెప్పిన సాక్ష్యాన్ని మరో జాతికి, మరో హామీకి తరలించడం సంప్రదాయాన్ని గౌరవించడం అనిపించుకోదు.

పేరు తారుమారైతే ఏమవుతుందో కెనడా ఉదంతం చెబుతుంది. అసాధారణంగా వెంట్రుకలతో పుట్టిన శిశువు తల్లి గర్భధారణ సమయంలో ‘సైబీరియన్ జిన్సెంగ్’ గుళికలు వాడిందని 1990లో ఒక ప్రముఖ అమెరికా వైద్య పత్రికలో నివేదిక వచ్చింది. శీర్షికలో జిన్సెంగ్ పేరే ఉంది. మరుసటి ఏడాది డెన్నిస్ అవాంగ్ అనే శాస్త్రవేత్త ఆ సరుకును పరిశీలించి, అందులో ఉన్నది జిన్సెంగ్ కాదు సరికదా ఎలూథెరోకాకస్ కూడా కాదని, పెరిప్లోకా సెపియమ్ అనే మొక్క అని తేల్చారు. పెరిప్లోకా పూర్తిగా వేరే కుటుంబానికి చెందిన పాల తీగ. మన సుగంధిపాలకు దగ్గరి చుట్టం. దాని వేరు బెరడుకు చైనాలో షియాంగ్‌జియాపి అని పేరు, వూజియాపి సరుకులో తరచూ కలిసిపోతుంది. అందులోని పెరిప్లోసిన్ గుండె మీద నేరుగా పనిచేసే గ్లైకోసైడ్, మోతాదు మించితే ప్రమాదం. నివేదిక శీర్షికలో నింద మోసింది ఒక మొక్క, సీసా మీద పేరు రెండో మొక్కది, లోపల ఉన్నది మూడోది. గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడుతున్న ఒక వృద్ధుడి రక్తంలో ఆ మందు స్థాయి పెరిగినట్టు 1996లో కెనడాలోనే మరో నివేదిక వచ్చింది. అది మొక్క ప్రభావమా, కల్తీ ప్రభావమా, రక్తపరీక్షను మూలిక తప్పుదారి పట్టించిందా అన్న చర్చ సాగింది. చివరికి అమెరికా 2002 వ్యవసాయ చట్టంలో పనాక్స్ ప్రజాతి మొక్కలకు తప్ప మరి దేనికీ జిన్సెంగ్ అనే పేరు పెట్టి అమ్మరాదని నిబంధన తెచ్చింది. అప్పటినుంచి అక్కడి సీసాల మీద ‘ఎలూథెరో’ అనే మాట వచ్చింది.

పేరు సరిచేస్తే సరిపోతుందా? ఒకటి రెండు రసాయనాలను కొలిచి ముద్ర వేస్తే చాలదా అని పరిశ్రమ అడుగుతుంది. యూరోపియన్ ఫార్మకోపియా ఎండిన వేరులో ఎలూథెరోసైడ్ బి, ఇ రెండూ కలిపి కనీసం 0.08 శాతం ఉండాలంటుంది. ఈ కొలత నాణ్యతకు అవసరమే, గుర్తింపుకు మాత్రం ఒక్కటే చాలదు. సిరింజిన్ లైలాక్ చెట్టులోనూ ఉంది, మన తిప్పతీగలోనూ ఉంది. ఎలూథెరోసైడ్ ఇ జేజు ఒగాపిలోనూ దొరుకుతుంది. రసాయనం కనిపించినంత మాత్రాన మొక్క అదేనని చెప్పలేం. సూక్ష్మదర్శిని కింద బెరడు కణజాలం, రసాయనాల మొత్తం వరుస, అవసరమైతే డీఎన్ఏ పరీక్ష కలిపి చూసినప్పుడే గుర్తింపు నిలబడుతుంది. మొక్కలోని పదార్థాలన్నీ కలిసి పనిచేస్తాయి, విడదీసి చూడకూడదు అనేవారి వాదనలోనూ నిజం ఉండవచ్చు. కానీ ఆ వాదనను అంగీకరిస్తే సరుకు ప్రతిసారీ ఒకే జాతి నుంచి, ఒకే భాగం నుంచి రావాల్సిన అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. సమష్టి ప్రభావం కావాలంటే ఆ సమష్టి ఏమిటో ముందు స్థిరంగా ఉండాలి.

ఇక ఫలితాల మాట. సోవియట్ అధ్యయనాల్లో పాల్గొన్నవారి సంఖ్య పెద్దదే. కానీ వాటిలో చాలావాటికి ఉత్తుత్తి మందుతో పోల్చి చూసే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటుతో అమెరికాలోని అయోవాలో దీర్ఘకాలిక అలసటతో బాధపడే 96 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. మందు తీసుకున్నవారూ, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారూ కొంత కుదుటపడ్డారు. మొత్తం మీద రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలసట ఓ మోస్తరుగా ఉన్నవారిలో మాత్రం కొంత మేలు సూచనప్రాయంగా కనిపించింది. క్రీడాకారుల ఓర్పు మీద జరిగిన పరీక్షల్లోనూ పద్ధతిగా సాగినవి ఆశాజనకంగా లేవని 2005 నాటి సమీక్ష తేల్చింది. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ మూలికల కమిటీ దీన్ని అలసట, బలహీనతలకు వాడవచ్చని ఒప్పుకుంది. అయితే ఆ అంగీకారం దీర్ఘకాల వాడుక ఆధారంగా ఇచ్చిందే తప్ప సామర్థ్యం రుజువైందని ఇచ్చింది కాదు. రెండు నెలలకు మించి వాడొద్దని, అధిక రక్తపోటు ఉన్నవారు దూరంగా ఉండాలని కూడా చెప్పింది. ఇది మొక్కను కొట్టిపారేసే తీర్పు కాదు, తెలిసినంతవరకే మాట్లాడిన తీర్పు.

ఇన్ని పరీక్షలు పెడితే చిన్న రైతులు, కొండ ప్రాంతాల సేకరణదారులు నష్టపోతారనే అభ్యంతరం మిగిలింది. కొరియా పరిస్థితి దీనికి భిన్నంగా చెబుతోంది. వేళ్ల కోసం తవ్వకాలు ఈ పొదను అడవిలో అరుదు చేశాయి. ముళ్ల ఒగాపిని ఆ దేశం అంతరించే ముప్పున్న మొక్కల్లో రెండో శ్రేణిలో చేర్చింది. విత్తనం నుంచి పెంచడమూ తేలిక కాదు. పండు రాలేటప్పటికి గింజలోని పిండం పూర్తిగా ఎదగదు, ముందు వెచ్చదనం, తర్వాత చలి చాలా నెలలు తగిలితే గాని మొలకెత్తదు. అందుకే అక్కడి శాస్త్రవేత్తలు కణజాల వర్ధనంతో పిండాలను పెంచి మొక్కలు తయారుచేసే పద్ధతి మీద శ్రద్ధ పెట్టారు. ఇంత శ్రమపడి అసలు జాతిని సాగుచేసిన రైతు సరుకు పక్కనే చవక బెరడు అదే పేరుతో అమ్ముడైతే నష్టపోయేది ఎవరు? గుర్తింపు పరీక్ష రైతుకు రక్షణే గాని భారం కాదు. దాని ఖర్చును మాత్రం ఒక్కొక్క రైతు మీద వేయకుండా ప్రభుత్వ ప్రయోగశాలలు, సహకార సంఘాలు భరించాలి.

ఈ చర్చ మనకూ కొత్తది కాదు. అశ్వగంధను ‘ఇండియన్ జిన్సెంగ్’ అని అమ్మడం మామూలైపోయింది. అది వంకాయ కుటుంబపు మొక్క, అందులోని విథనోలైడ్లకు జిన్సెనోసైడ్లతో పోలికే లేదు. కరోనా కాలంలో ఇంటింటా వాడిన తిప్పతీగ విషయంలో 2021లో ముంబయి వైద్యులు కొందరు రోగుల కాలేయం దెబ్బతినడానికి దానితో సంబంధం ఉండవచ్చని రాశారు. తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలి ఉండే టినోస్పోరా క్రిస్పా వంటి మొక్కలతో జాగ్రత్తగా ఉండాలని 2022లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రకటించింది. రెండు పక్షాల వాదనలూ చివరికి ఆగేది ఒకే ప్రశ్న దగ్గర: రోగి తాగింది ఏ తీగ కషాయం? మూలిక అమ్మే ప్రతి సీసా మీద జాతి శాస్త్రీయ నామం, వాడిన భాగం, గుర్తింపు పరీక్ష వివరం తెలుగులో కూడా అచ్చు వేయాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. అరువు తెచ్చుకున్న ప్రఖ్యాతితో అమ్మడాన్ని నిషేధించాలి. ఆ మూడు వివరాలు లేని సీసాను కొనకుండా పక్కన పెట్టడం కొనుగోలుదారు చేయాల్సిన పని.