బోర్డు పట్టుకుని నిలబడింది ఎవరి కోసం?

పోయిన నెల మన క్లబ్ గ్రూపులో ఒక సీనియర్ అన్న రీల్ తిరిగింది, చూసే ఉంటారు. సింగపూర్ నుంచి టోక్యోకి, కంపెనీ ఖర్చు మీద బిజినెస్ క్లాస్. బటన్ నొక్కితే సీటు మంచమైపోవడం, వేడి తువ్వాలు, గాజు గ్లాసులో జ్యూసు. కింద అందరం "అన్నా, లైఫంటే నీదే" అని కామెంట్లు పెట్టాం. నేనూ పెట్టాను.

పెట్టాక చాలాసేపు ఫోను పక్కన పెట్టలేకపోయాను. మా ఇంట్లో కూడా విమానాల్లో తిరిగే మనిషి ఒకాయన ఉన్నాడు. మా నాన్న. పదకొండేళ్లుగా ఖతార్‌లో పైప్ ఫిట్టర్. మాది సోంపేట దగ్గర పల్లెటూరు. మా వీధిలో ఇంటికొకరు గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో, మలేషియాలోనో వెల్డరుగా, రిగ్గరుగా ఉంటారు. రెండేళ్లకోసారి వచ్చి, ఇంటికి సున్నం కొట్టించి, వెళ్లిపోతారు. మా జిల్లాలో విమానం ఎక్కడం గొప్ప విషయమేం కాదు. ఎక్కిన మనిషి ఇంటికి ఎప్పుడు చేరతాడన్నదే మాకు ముఖ్యం.

పోయిన ఏడాది వర్షాకాలంలో మా మామ్మ పోయింది. నాన్న ఆమెకి ఒక్కడే కొడుకు. మధ్యాహ్నం కబురు చెప్తే సాయంత్రానికల్లా కంపెనీలో సెలవు పెట్టించుకుని "టికెట్టు సూడు బాబూ, ఎంతైనా పర్వాలేదు" అన్నాడు. చూసింది నేనే. మూడో సంవత్సరం మెకానికల్, చేతిలో నాలుగు యాప్‌లు, నాకు తెలియందేముంది అనుకున్నాను. దోహా నుంచి విశాఖకి ఒకే టికెట్టుగా తీసుకుంటే ఒక ధర. దోహా నుంచి మన దేశంలోని ఒక పెద్ద నగరానికి ఒక కంపెనీలో, అక్కడి నుంచి విశాఖకి ఇంకో కంపెనీలో విడివిడిగా తీసుకుంటే నాలుగు వేల మూడు వందలు తక్కువ. విడిగానే తీసుకున్నాను. ఉదయం 5.30కి దిగుతాడు, 9.10కి రెండో విమానం. మూడున్నర గంటలు పైనే ఉంది కదా అని నా లెక్క. విశాఖలో కారు ఎక్కితే మూడింటికల్లా ఊళ్లో ఉంటాడు. పొద్దుండగానే మామ్మని సాగనంపొచ్చు.

మొదటి విమానం రెండు గంటలు లేటు. 7.30కి దిగింది. ఇమిగ్రేషన్ క్యూలో ముప్పావు గంట. పెట్టె బెల్టు మీదకి రావడానికి ఇంకొంత. కస్టమ్స్ దాటి, పెట్టె లాక్కుంటూ రెండో కంపెనీ కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి 8.25. దేశం లోపల తిరిగే విమానాలకి చాలా కంపెనీలు గంట ముందే చెక్-ఇన్ మూసేస్తాయి. ఆయన నిలబడిన చోటి నుంచి బోర్డు మీద ఆ విమానం పేరు కనిపిస్తూనే ఉంది. ఎక్కడానికి మాత్రం లేదు. "మీ మొదటి విమానం లేటైతే మాకు సంబంధం లేదు సార్" అన్నారట కౌంటర్లో. నిబంధన ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. విడి టికెట్లంటే అర్థం అదే.

సాయంత్రం విమానానికి కొత్త టికెట్టు పదకొండు వేలు. గల్ఫ్ టికెట్టు మీద ముప్పై కిలోలు తెచ్చుకోనిచ్చారు. లోపలి విమానంలో పదిహేనే. మిగతా బరువుకి మళ్లీ డబ్బు. ఊళ్లో పెద్దలు ఇంక రాత్రి ఉంచడం మంచిది కాదన్నారు. తలకొరివి నేను పెట్టాను. నాన్న రాత్రి రెండింటికి దిగాడు. కారు దిగి, లోపలికి రాకుండా, అరుగు మీద కూర్చుండిపోయాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

దినాలన్నీ అయ్యాక ఒకరోజు ఆయనే చెప్పాడు. విమానం తలుపు దగ్గర ఒకమ్మాయి బోర్డు పట్టుకుని నిలబడిందట. దాని మీద రెండు పేర్లు. ముందు సీట్లలోంచి దిగిన ఒకాయన ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆయన్ని వేరే దారిలో బేగి తీసుకుపోయారు. "ఇద్దరం ఒకే ఇమానం, ఒకే లేటు. ఆడికి బోర్డు పట్టుకున్నారు, నాకేటి?" అన్నాడు నాన్న. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు.

నేను వెంటనే అనేశాను, ఆయన బిజినెస్ క్లాస్ కదా నాన్నా అని. డబ్బున్నవాడికి ఒక దారి, లేనివాడికి ఒక దారి. ఈ వ్యాసం కూడా అక్కడే ఆపేస్తే సులభంగా అయిపోయేది, మీరూ లైకు కొట్టేవారు. కానీ నాన్న ఆగి, "మరి రెండో పేరు మా వరసలో కుర్రోడిదిరా. నా వెనక సీటు. ఆడూ నాలాగే కూలోడే" అన్నాడు.

అప్పుడు కూర్చుని చదివాను. ఆ కుర్రాడిని దాటించింది సీటు కాదు, టికెట్టు. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినా, తర్వాతి విమానంలో చోటు చూసే బాధ్యత అమ్మిన కంపెనీది. పెట్టెకి చివరి ఊరి ట్యాగు పడుతుంది. మన దేశంలో మొదట దిగిన చోట కస్టమ్స్ కోసం దాన్ని తీసుకోవాల్సిందే, కానీ బయటికొచ్చి మళ్లీ అప్పగిస్తే సరిపోతుంది. బరువు కూడా మామూలుగా మొదటి లెక్కే చివరిదాకా నడుస్తుంది. ఏ ఎయిర్‌పోర్టులో ఒక విమానం నుంచి ఇంకోదానికి మారడానికి కనీసం ఎంత సేపు పడుతుందో ముందే లెక్క కట్టి ఉంటుంది. ఒకే టికెట్టుగా అమ్మేటప్పుడు అంతకన్నా తక్కువ వ్యవధి ఇవ్వకూడదు. విడి టికెట్లు కొన్నవాడికి ఆ లెక్క చూసేవాడు ఎవడూ లేడు. నాలాంటి తెలివైనవాడు తప్ప.

బిజినెస్ క్లాస్ ఎలా పుట్టిందో కూడా అప్పుడే తెలిసింది. 1970లలో ఎకానమీలో పూర్తి ధర పెట్టి, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగల టికెట్టు కొనే ఆఫీసు జనం, రాయితీ టికెట్టు కొన్న టూరిస్టుల పక్కనే కూర్చోవాల్సొచ్చేది. వాళ్లని వేరు చేయడానికి వచ్చింది ఈ తరగతి. క్వాంటాస్ 1979లో మొదలుపెట్టింది. పూర్తిగా మంచంలా పరుచుకునే సీటు బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులోకి వచ్చింది 2000లో. అంటే మొదట అమ్మింది పరుపు కాదు. ప్లాను మారినా నష్టపోవన్న ధైర్యం. వేడి తువ్వాళ్లు తర్వాత వచ్చాయి. రీల్‌లో కనిపించేవి అవే కాబట్టి మనం వాటిని చూసే ఈర్ష్యపడుతున్నాం.

ఇది గల్ఫ్ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. రేపు మీరు ఆన్‌సైట్‌కో, ఎంఎస్‌కో ఆసియా దాటి వెళ్తారు. బ్యాంకాక్‌కి రెండు ఎయిర్‌పోర్టులు, సువర్ణభూమి, డాన్ ముయాంగ్. చవక విమానాలు చాలావరకు రెండోదానిలో దిగుతాయి. టోక్యోకి నరీతా, హనేడా. సియోల్‌కి ఇంచియాన్, గింపో. షాంఘైకి పుడాంగ్, హాంగ్‌చావ్. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలంటే ఊరు దాటాలి, అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే దానికి తగ్గ అనుమతి ఉండాలి. సింగపూర్ చాంగీ ఒకటే ఎయిర్‌పోర్టు, సీతాకోకచిలుకల తోట కూడా ఉంది. కానీ విడి టికెట్ల మీద వెళ్లి, పెట్టె బయటికొచ్చి తీసుకోవాల్సొస్తే, వీసా లేని ఇండియన్ పాస్‌పోర్టుతో ఆ గేటు దాటలేరు. యాప్‌లో ఇవన్నీ పక్కపక్కన రెండు గీతల్లా కనిపిస్తాయి, అంతే.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. మా ముత్తాతల కాలంలో మా వైపు వాళ్లు "రంగం" పోయేవారు. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కితే బంగాళాఖాతం దాటి నేరుగా అక్కడే దిగడం. డెక్ టికెట్టు, అంటే ఎండా వానా నెత్తి మీదే, జనం మీద జనం. తరగతి అధ్వాన్నం, కనెక్షన్ మాత్రం ఇంటి ముందరే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, ఓడ దొరకని వేలమంది కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు. కనెక్షన్ తెగితే ఏమవుతుందో మా ఊళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

అప్పుడు ఇంటి ముందు రేవున్న జిల్లాకి ఇప్పుడు విమానం ఎక్కడానికి విశాఖే దిక్కు. ఇచ్ఛాపురం నుంచి అది 240 కిలోమీటర్ల పైమాటే. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీవాళ్ల ఐఎన్ఎస్ డేగాలో ఉంది. వాళ్ల అవసరాల మధ్యే మన విమానాలకి టైములు దొరకాలి. అందుకే విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు మీద కొత్త ఎయిర్‌పోర్టు. దానికి శంకుస్థాపనే రెండుసార్లు జరిగింది, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి. తొలి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకి సరిపోయేలా, 3.8 కిలోమీటర్ల రన్‌వేతో కడుతున్నారు. మనకి పట్టున్న రంగం కూడా ఇది. 2014 నుంచి 2018 దాకా కేంద్ర పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక గజపతిరాజు. 2024 జూన్‌లో అదే కుర్చీలోకి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు వచ్చారు. ఇరుగుపొరుగు జిల్లాలు, అదే శాఖ. మనం అడిగితే వినాల్సిన చోట మనవాళ్లే ఉన్నారు.

కానీ మనం అడుగుతున్నదేమిటి? కాలేజీలో, టీకొట్టు దగ్గర, నేను వినే మాటలన్నీ ఒకటే. ఎంత పెద్ద విమానం దిగుతుంది, లాంజ్ ఎలా ఉంటుంది, పక్కన ఏ స్టార్ హోటల్ వస్తుంది. అవి రావద్దని నేననను. వాటి కంటే ముందు అడగాల్సినవి మూడు ఉన్నాయంటాను.

ఒకటి, భోగాపురం నుంచి గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ, కౌలాలంపూర్‌కీ ఒకే టికెట్టు మీద, మోయగలిగిన ధరకి. నేరుగా లేకపోయినా, మధ్యలో ఆగినా సరే, పెట్టె బాధ్యతా ఆలస్యం బాధ్యతా ఒకరిదే కావాలి. రెండు, ఆ విమానాల టైములకి సరిపోయేలా శ్రీకాకుళం కాంప్లెక్స్, పలాస, ఇచ్ఛాపురం నుంచి రాత్రిపూట కూడా బస్సు. శ్రీకాకుళం నుంచి భోగాపురం అరవై కిలోమీటర్ల చిల్లరే, హైవే మీదే. అర్ధరాత్రి ఆ అరవైకి కారు మాట్లాడుకోవాల్సొస్తే దగ్గరున్నా లాభమేంటి? మూడు, విమానం తప్పినవాడికి ఏం చేయాలో మన మాటలో చెప్పే మనిషి ఒకరు, ఒక కౌంటరు.

నా రూమ్మేట్ దీనికి ఒప్పుకోడు. చవక కంపెనీలు ఒకదానితో ఒకటి ఒప్పందాలు పెట్టుకోవు కాబట్టే టికెట్టు చవక, ఆ భరోసా కూడా కావాలంటే ధర పెరుగుతుంది, మీ నాన్నలాంటి వాళ్లే ఎక్కలేరు అంటాడు. వాడి మాటలో నిజం ఉంది. పండక్కి వచ్చేటప్పుడు నాలుగు వేలు మిగుల్చుకోవడం తప్పు కాదు, ఒకరోజు ఆలస్యమైతే ఏమవుతుంది. కానీ ఆ తేడా ఎందుకో, తప్పిపోతే ఎవరు భరించాలో టికెట్టు కొనేచోట ఎవరూ మా నాన్నకి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నాలుగు వేల మూడు వందలు మిగిలాయని నేను సంతోషపడ్డాను. తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు. మన ఊళ్లలో టికెట్లు బుక్ చేసేది ఇంట్లో చదువుకున్న కుర్రాళ్లమే, అంటే మనమే. అందుకే ఇది మన పత్రికలో రాస్తున్నాను. ఇంట్లోవాళ్లకి బుక్ చేసేముందు ధర కన్నా ముందు పీఎన్ఆర్ ఒకటా రెండా చూడండి. రెండైతే, మొదటిది మూడు గంటలు లేటైనా రెండోది దొరుకుతుందా అని లెక్కేయండి.

నాన్న మొన్న మళ్లీ వెళ్లాడు. ఈసారి విశాఖ నుంచి దోహాకి ఒకే టికెట్టు, వెనకాల వరస, కిటికీ కూడా కాదు. సెక్యూరిటీ దాటాక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బాబూ, పెట్టి ఈడే తీసేసుకున్నారు. మళ్లీ దోహాలోనే ఇస్తారంట. మద్దిలో నాకేటీ పని లేదంట" అని. వెనకాల ఏదో అనౌన్స్‌మెంట్ వస్తోంది. "సరే నాన్నా, ఏదైనా తిను" అని పెట్టాను.