ఆఖరి ఓవర్ మొనగాడు నిజంగా ఉంటాడా?

2024 జూన్ 29, బ్రిడ్జ్‌టౌన్. టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకు ఆరు బంతుల్లో 16 పరుగులు కావాలి. బంతి సూరత్‌లో పుట్టిన హార్దిక్ పాండ్యా చేతిలో ఉంది. అతను వేసిన తొలి బంతి యార్కర్ కాదు, ఆఫ్‌స్టంప్‌కు దూరంగా వెళ్లిన ఫుల్‌టాస్. డేవిడ్ మిల్లర్ గాల్లోకి లేపాడు. బౌండరీ తాడు దగ్గర సూర్యకుమార్ యాదవ్ పట్టిన క్యాచ్ ఎవరూ మరచిపోలేదు. భారత్ 7 పరుగుల తేడాతో గెలిచింది. ఒత్తిడిలో రాణించే మొనగాడిగా హార్దిక్‌కు పేరొచ్చింది.

సూర్య కాలు తాడుకు తగిలి ఉంటే అది సిక్సర్. ఐదు బంతుల్లో 10 పరుగులు. బంతి మారదు, బౌలర్ మారడు. పేరు మాత్రం మారిపోయేది.

ఇది ఊహ కాదు. అంతకు రెండున్నర నెలల ముందు, ఏప్రిల్ 14న వాంఖడేలో చెన్నైపై ఆఖరి ఓవర్ వేసిందీ హార్దిక్కే. మహేంద్రసింగ్ ధోనీ ఆడిన మొదటి మూడు బంతులూ సిక్సర్లయ్యాయి. ఆ ఓవర్లో 26 పరుగులు వచ్చాయి. ముంబై 20 పరుగులతో ఓడింది. సొంత మైదానంలోనే కెప్టెన్‌ను ప్రేక్షకులు గేలి చేసిన సీజన్ అది. ఇంకా వెనక్కి వెళ్తే, 2016 మార్చి 23న బెంగళూరులో బంగ్లాదేశ్‌కు 3 బంతుల్లో 2 పరుగులే అవసరమైనప్పుడు హార్దిక్ వరుస బంతుల్లో రెండు వికెట్లు తీశాడు. అందులో రెండోది కూడా ఫుల్‌టాసే. మహ్మదుల్లా కొట్టిన బంతి నేరుగా జడేజా చేతిలో పడింది.

మరి ఒత్తిడిలో రాణించడం ప్రత్యేకమైన నైపుణ్యమా? ఈ ప్రశ్నను లెక్కలతో ముందుగా తేల్చాలని చూసింది బేస్‌బాల్ పరిశోధకులు. 1969లో కీలక సమయాల్లో మెరిసిన బ్యాటర్లు 1970లోనూ మెరిశారా అని డిక్ క్రేమర్ పోల్చి చూశాడు. అలాంటి నిలకడ కనిపించలేదని 1977లో ప్రకటించాడు. చాలా ఏళ్లు అదే మాట చెల్లింది. కానీ 2004లో బిల్ జేమ్స్ ఒక హెచ్చరిక చేశాడు: ఇంత తక్కువ సమాచారంలో కనిపించనంత మాత్రాన అది లేదని తీర్మానించలేం. క్రికెట్‌లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఒక బౌలర్ జీవితకాలంలో ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్ ఎన్నిసార్లు వేస్తాడు?

తెలుగువారికి ఈ పొరపాటు పి.వి. సింధు విషయంలో తెలిసిందే. 2016 రియో ఒలింపిక్స్, 2017, 2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, 2018 ఆసియా క్రీడలు... ఫైనల్స్‌లో వరుస ఓటములు చూసి ఆమెకు 'ఫైనల్ గండం' ఉందన్నారు. అన్ని ఫైనల్స్ చేరాలంటే అన్ని సెమీస్ గెలవాలన్న సంగతి మరిచారు. 2017లో నొజోమి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి మూడో గేమ్‌ను 20-22తో కోల్పోయిన సింధు, 2019లో బాసెల్ ఫైనల్లో అదే ఒకుహరాను 21-7, 21-7తో చిత్తు చేసింది. ఆ తర్వాత గండం మాట వినిపించలేదు.

అంటే ఒత్తిడి అబద్ధమని కాదు. చేతులు వణుకుతాయి, ఆలోచన తడబడుతుంది. కష్టకాలంలో కొత్త శక్తి పుట్టుకొస్తుందనడం కంటే, రోజూ చేసే పని ఆ క్షణంలోనూ చెడకుండా చేయగలగడమే నైపుణ్యం అనడం సబబు. బ్రిడ్జ్‌టౌన్‌లో దానికి రుజువు ఆఖరి ఓవర్లో కాదు, 17వ ఓవర్లో ఉంది. దక్షిణాఫ్రికాకు 24 బంతుల్లో 26 పరుగులు చాలు. 27 బంతుల్లో 52 పరుగులు చేసిన క్లాసెన్‌ను హార్దిక్ ఆఫ్‌స్టంప్ బయట నెమ్మదైన బంతితో కీపర్ క్యాచ్‌గా ఔట్ చేశాడు. అది అతను ఎన్నో మ్యాచ్‌ల్లో వేసిన బంతే. 18వ ఓవర్లో బుమ్రా 2, 19వ ఓవర్లో అర్ష్‌దీప్ 4 పరుగులే ఇవ్వబట్టి చివరికి 16 మిగిలాయి.

జట్టు ఎంపికలోనూ, అభిమానుల తీర్పులోనూ చూడాల్సింది ఇదే: ఫలితం ఎలా ఉందన్నది కాదు, బంతి ఎలా పడిందన్నది. జూలై 4న విజయోత్సవంలో హార్దిక్ పేరు జపించింది అదే వాంఖడే. ఏప్రిల్‌లో ఉన్న బౌలరే జూలైలోనూ ఉన్నాడు.